పడే వంతు గురువుది



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో సభకు తెలుసు. వేదికల మీద తన పేరు పదేపదే వినిపించడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. ఆ ఇష్టాన్ని మన్నించి నేనూ మాస్టారు అనే అంటాను. కంప్యూటర్ ఉన్న గదిలోకి చెప్పులు విడిచి వెళ్లే రోజుల్లో ఆయన ప్రోగ్రామింగ్ చెప్పారు. ఆయన చేతుల మీదుగా వెళ్లినవారు ఇవాళ హైదరాబాదులో, బెంగళూరులో, సియాటిల్‌లో, డాలస్‌లో పెద్ద బృందాలను నడుపుతున్నారు. గురువు అని ఎవరూ పిలవకపోయినా మీలో చాలామంది ఇప్పుడు గురుస్థానంలోనే ఉన్నారు. కాబట్టి నేర్పడం గురించి మాట్లాడటమే ఆయనకు తగిన స్మరణ అనుకున్నాను. నా పగటి పని సాఫ్ట్‌వేర్, సాయంకాలపు సాధన జూడో. ఈ రెండింటి మధ్య చాలాకాలంగా నన్ను వదలని ఒక ఆలోచనను మీ ముందు పెడతాను.

యుద్ధవిద్యలు నేర్పినవారు కొన్ని శతాబ్దాలుగా కాపాడుకుంటూ వచ్చిన నియమం ఒకటుంది. శిష్యుడు ఎదగాలంటే గురువు తన శరీరాన్ని దెబ్బ తగిలే చోట నిలపాలి. గెలిచే వంతు చిన్నవాడిది, పడే వంతు పెద్దవాడిది. మన సాఫ్ట్‌వేర్ వృత్తి ఆ విద్యల నుంచి పేర్లు తెచ్చుకుంది, పట్టీలు తెచ్చుకుంది, ఈ నియమాన్ని మాత్రం తెచ్చుకోలేదు. కొత్తగా చేరిన పిల్లలు మన దగ్గర పడుతున్న కష్టంలో చాలా భాగం ఈ లోటు నుంచే పుడుతోందని నా నమ్మకం.

జపాన్‌లో 1868లో మేజీ ప్రభుత్వం వచ్చింది. జూడో కథ అక్కడే మొదలవుతుంది. కొద్ది ఏళ్లలోనే సమురాయ్ వర్గం హోదా పోయింది, 1876లో నడుముకు కత్తి కట్టడాన్ని నిషేధించారు. తరతరాలుగా జుజుత్సు నేర్పిన గురువులు విరిగిన ఎముకలు కట్టి పొట్ట పోసుకున్నారు. 1877లో కనో జిగోరో అనే యువకుడు అలాంటి ఒక వైద్యుడి దగ్గర శిష్యుడిగా చేరాడు. ఆ గురువు పేరు ఫుకుదా హచినోసుకె, తెన్జిన్ షిన్యో సంప్రదాయానికి చెందినవాడు. ఒకనాడు కనో ఒక పట్టు గురించి అడిగాడు: చెయ్యి ఎక్కడ ఉండాలి, కాలు ఎటు జరగాలి అని. ఫుకుదా దగ్గరికి రమ్మని పడగొట్టాడు. లేచి మళ్లీ అడిగితే మళ్లీ పడగొట్టాడు. మూడోసారీ అంతే. అడిగితే వచ్చే విద్య కాదిది, చేస్తూ పోతే వస్తుందని ఆయన భావం. కనో తన జ్ఞాపకాల్లో ఈ సంగతి చెప్పుకున్నాడు.

ఫుకుదాను క్రూరుడిగా చూడటం అన్యాయం. ఆయనకు తెలిసిన పద్ధతి అదే, ఆయన గురువు నేర్పిందీ బహుశా అలాగే. కానీ ఈ సభలో ఉన్న సీనియర్ ఇంజినీర్లు ఆ దృశ్యంలో తమ ఆఫీసును పోల్చుకోగలరు. కొత్తగా చేరిన అమ్మాయి ఒక ప్రశ్న అడుగుతుంది. డాక్యుమెంట్ చదువుకో, కోడ్‌లోనే ఉంది చూడు, మేమూ అలాగే నేర్చుకున్నాం అంటారు. ఆమె రాసిన మార్పు రివ్యూకు వెళ్తుంది, నలభై వ్యాఖ్యలతో తిరిగి వస్తుంది. వాటిలో ఒక్కదానికీ కారణం ఉండదు. ఆమె లేస్తుంది, మళ్లీ పడుతుంది.

కనో ఆ పద్ధతి దగ్గర ఆగిపోలేదు. 1882లో టోక్యోలోని ఎయిషోజి బౌద్ధాలయంలో 12 తతామి చాపల చోటులో, మొదటి ఏడాది 9 మంది శిష్యులతో తన జూడో పాఠశాల కోదోకాన్ మొదలుపెట్టాడు. ఆ రోజుల్లోనే గకుషూయిన్ పాఠశాలలో ఉపాధ్యాయుడు కూడా. తర్వాత ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే టోక్యో ఉన్నత నార్మల్ పాఠశాలకు దీర్ఘకాలం అధిపతిగా ఉన్నాడు. యోధుడిగా కంటే ఉపాధ్యాయుడిగానే ఆయనను నేను ఎక్కువ గౌరవిస్తాను. జూడో బోధనకు ఆయన నాలుగు మార్గాలు పెట్టాడు. నిర్ణీత క్రమంలో జంటగా చేసే అభ్యాసం కటా. ఎవరు ఏం చేస్తారో ముందుగా తెలియని స్వేచ్ఛా సాధన రాండోరి. ఈ రెండూ పాతవే. వాటి పక్కన ఉపన్యాసాన్నీ, ప్రశ్నోత్తరాన్నీ సమాన హోదాతో కూర్చోబెట్టాడు. తనకు దొరకని జవాబును తన శిష్యులకు హక్కుగా ఇచ్చాడు. ప్రతి పట్టునూ మూడు దశలుగా విడదీసి, ఎదుటివాడి సమతూకం ఎలా చెడుతుందో, మన శరీరం ఎక్కడ అమరాలో, ఎప్పుడు పడవేయాలో వివరించాడు.

జూడో నేర్చుకోవడానికి వచ్చిన కొత్తవారికి మొదటి పాఠం పడటం. దాన్ని ఉకెమి అంటారు. గడ్డాన్ని ఛాతీకి ఆనించాలి, తల వెనుకభాగం చాపకు తగలకూడదు. చేత్తో చాపను గట్టిగా చరచాలి. ముందు పడుకున్న చోటు నుంచి, తర్వాత గొంతుక్కూర్చుని, ఆ తర్వాత నిలబడి ఇదే చేస్తారు. ఇది వంటబట్టే దాకా ఎదుటివాడిని పడగొట్టే పట్టు జోలికి పోనివ్వరు. పడతానన్న భయం ఉన్నవాడు శరీరాన్ని బిగదీసుకుంటాడు, బిగుసుకున్న శరీరానికి ఏ విద్యా ఎక్కదు.

మన పనిలో ఉకెమి అంటే పొరపాటును వెనక్కి తిప్పే దారి. కొత్త ఉద్యోగి తొలి వారంలో నేర్చుకోవలసింది మన కోడ్ నిర్మాణం కాదని నా అభిప్రాయం. పరీక్షల కోసం పెట్టిన సర్వర్ మీద తన చేత్తోనే ఒక సేవను పడగొట్టాలి, లాగ్‌లు చదివి కారణం పట్టుకోవాలి, రోల్‌బ్యాక్ తానే చేయాలి, అర్ధరాత్రి ఎవరికి ఫోన్ చేయాలో, ఎలా చెప్పాలో తెలుసుకోవాలి. ఇది చేతకానివాడికి ప్రొడక్షన్ ఇవ్వడం ప్రమాదం. ప్రొడక్షన్‌ను ఎన్నటికీ ఇవ్వకపోవడమూ ప్రమాదమే. ఎట్సీ సంస్థలో కొత్త ఇంజినీరు మొదటి రోజే ప్రొడక్షన్‌లోకి మార్పు పంపే ఆనవాయితీ ఉండేది. చాప గట్టిగా పరిచినచోటే అది సాధ్యం. అదే సంస్థలో జాన్ ఆల్స్‌పా ఆధ్వర్యంలో నిందలేని ప్రమాద విశ్లేషణ వాడుకలోకి వచ్చింది, 2012లో దాని గురించి ఆయన రాసిన వ్యాసం పరిశ్రమంతా చదివింది.

చాప లేనిచోట ఏమవుతుందో గిట్‌ల్యాబ్ సంస్థ 2017 జనవరి 31న చూసింది. రాత్రి పొద్దుపోయేదాకా పనిచేస్తున్న ఒక ఇంజినీరు ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్ మీద డేటాబేస్ ఫైళ్లు తొలగించాడు. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నాయనుకున్నారు, వాటిలో నమ్మకంగా పనిచేసేది ఒక్కటీ లేదని అప్పుడు తేలింది. సుమారు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక నకలు దొరికింది కాబట్టి నష్టం అక్కడికి ఆగింది. ఆ సంస్థ చేసిన మంచి పని ఏమిటంటే, పునరుద్ధరణను ప్రపంచమంతా చూసేలా ప్రత్యక్ష ప్రసారం చేసింది. కారణాలను దాచకుండా ప్రచురించింది, ఆ ఒక్క మనిషిని బలిచేయలేదు.

ఇక నా వాదానికి మూలమైన విషయానికి వస్తాను. జపాన్ పాత ఖడ్గవిద్యల్లో కటా ఎక్కువగా ఇద్దరి మధ్య జరుగుతుంది. ఒకరు దాడి చేస్తారు, చివరికి ఓడిపోతారు. ఆ పాత్రను ఉచిదాచి అంటారు. ఇంకొకరు ఆ దాడికి జవాబిచ్చి గెలుస్తారు, ఆయన షిదాచి. చూసేవాడు గెలిచినవాడే గురువు అనుకుంటాడు. ఓడేవాడే గురువు. షింతో ముసో సంప్రదాయపు కర్రవిద్యలో కత్తి పట్టి దాడి చేసి, చివరకు కర్ర ముందు నిలిచిపోయేది అనుభవం గలవాడే. ఆ విద్యాచార్యుడు నిషియోకా త్సునియో ఈ సంబంధం గురించి ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. దాడి నిజమైనదిగా ఉండాలి, కానీ శిష్యుడి సత్తాకు ఒక్క మెట్టు మాత్రమే పైన ఉండాలి. ఆ కొలత తెలిసినవాడే ఈ పాత్రకు అర్హుడు. తాను గెలవాలన్న కోరిక గురువులో మిగిలి ఉంటే కటా చెడిపోతుంది. అందుకని చిన్నవాళ్లకు ఈ పాత్రను అప్పగించరు.

మన దక్షిణాదిలోనూ ఇదే భావం మరో రూపంలో ఉంది. కేరళ యుద్ధవిద్య కళరిలో గురుక్కళ్, అంటే గురువు, కర్కిడక మాసపు వానల్లో పైన కట్టిన తాడు పట్టుకుని, తన పాదాలతో శిష్యుడి ఒంటికి నూనె మర్దన చేస్తాడు. మర్మస్థానాల మీద దెబ్బ కొట్టడం నేర్పేవాడికి ఆ దెబ్బకు చికిత్స తెలిసి తీరాలి.  

కనో జీవితంలో పడే వంతు గురువుదన్న నియమం ఒక రోజు కళ్ల ముందు నిలిచింది. ఫుకుదా తర్వాత ఆయన కితో సంప్రదాయంలో ఈకుబో త్సునెతోషి దగ్గర నేర్చుకున్నాడు. అప్పటికే యాభై దాటిన ఈకుబో పట్టులో కనో ఎప్పుడూ కిందే ఉండేవాడు. ఎదుటివాడి సమతూకాన్ని ముందు చెడగొట్టి, ఆ క్షణంలోనే పట్టు వేయాలన్న రహస్యం తనంతట తానే గ్రహించాక, ఒకరోజు రాండోరిలో గురువును వరుసగా పడగొట్టాడు. ఎలా చేశావని గురువు అడిగాడు. శిష్యుడు వివరించాడు. నీకు ఇక నేను నేర్పవలసింది లేదు, నీకంటే చిన్నవాళ్లతో సాధన చెయ్యి అని ఈకుబో చెప్పాడు. గురువు తాను ఓడిపోయాక ప్రశ్న అడిగాడు, జవాబు శ్రద్ధగా విన్నాడు, శిష్యుడికి మరింత చిన్నవాళ్లను అప్పగించాడు. ఒక బృందంలో సీనియర్ చేయవలసిన పనులు ఈ మూడే అయితే నాకు చాలు.

మన వృత్తికి ఇలాంటి ఉదాహరణ అసలే లేదనడం తప్పు. జెరాల్డ్ వైన్‌బర్గ్ 1971లో ప్రోగ్రామర్ల మనస్తత్వం మీద రాసిన పుస్తకంలో జాన్ వాన్ నాయ్‌మన్ గురించి చెబుతాడు. ఆ మహా గణితవేత్త తాను మంచి ప్రోగ్రామర్‌ను కానని పదేపదే అంటూ, తప్పులు పట్టమని తన ప్రోగ్రాములు ఇతరుల చేతిలో పెట్టేవాడట. కంప్యూటర్ యుగం తొలినాళ్లలోనే మనకు ఉచిదాచి ఉన్నాడు. ఆయన వారసత్వం ఎందుకు నిలవలేదు? ఒక కారణం లెక్కల్లో ఉంది. ఐబీఎంలో ఓఎస్/360 నిర్మాణానికి సారథ్యం వహించిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ఒక సూత్రం చెప్పాడు. ఆలస్యమైన సాఫ్ట్‌వేర్ పనికి మనుషులను చేరిస్తే అది మరింత ఆలస్యమవుతుంది. కొత్తవారికి నేర్పడానికి పాతవారి సమయం పోతుంది కాబట్టి. ఆ లెక్క సరైనదే. పరిశ్రమ దాన్ని సగమే విన్నది. నేర్పే సమయం ఖర్చు పద్దులోనే మిగిలిపోయింది. సీనియర్ అప్రైజల్‌లో ఆయన ముగించిన పనికి స్థానం ఉంటుంది, ఆయన వల్ల మరొకరు ముగించగలిగిన పనికి ఉండదు. అలాంటిచోట ఎవరు ఓడే పాత్ర తీసుకుంటారు?

2000ల ఆరంభంలో యుద్ధవిద్యల పేర్లు మాత్రం ధారాళంగా వచ్చాయి. అలిస్టర్ కోబర్న్ షు, హ, రి (పాటించడం, దాటడం, విడిచిపెట్టడం) అనే మూడు దశలను సాఫ్ట్‌వేర్‌కు అన్వయించాడు. డేవ్ థామస్ కోడ్ కటాలు ప్రచారం చేశాడు. పారిస్‌లో కోడింగ్ దోజోలు, అంటే కలిసి సాధన చేసే చోట్లు, మొదలయ్యాయి. నాణ్యతా విభాగాల్లో బ్లాక్ బెల్టులు అంతకుముందే ఉన్నాయి. ఇవన్నీ సదుద్దేశంతో జరిగినవే. అయితే వీటిలో ఎక్కువ భాగం శిష్యుడు ఏం చేయాలో చెప్పాయి. గురువు ఎక్కడ నిలబడాలో చెప్పినవి తక్కువ.

మన ఊళ్ల సంగతికి వద్దాం. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక ఒక తరం కుటుంబాల జీవితాలు మారిపోయాయి. పెద్ద సేవాసంస్థలు వేలమందికి ఒకేసారి శిక్షణ ఇచ్చే ప్రాంగణాలు కట్టాయి, అమీర్‌పేట సందుల్లో ఆ పని చిన్న గదుల్లో జరిగింది. ఇదంతా కటా. దాన్ని నేను చిన్నచూపు చూడను, ఎన్నో ఇళ్లలో దీపం పెట్టింది అదే. లోటు ఆ తర్వాత మొదలవుతుంది. ప్రాజెక్టులోకి వచ్చిన ఫ్రెషర్‌కు కేటీ (నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్) పేరుతో కొన్ని రికార్డింగులు ఇస్తారు. షాడోయింగ్ అంటే మీటింగులో మ్యూట్‌లో కూర్చోవడం. సీనియర్ ఒక కష్టమైన సమస్య దగ్గర ఎలా తడబడతాడో, ఏ అనుమానాన్ని ముందు కొట్టివేస్తాడో కొత్తవాడికి కనబడదు.

జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ 1991లో అప్రెంటిస్‌షిప్ మీద రాసిన పుస్తకంలో అమెరికా సూపర్‌మార్కెట్లలో మాంసం కోసే పని నేర్చుకునేవారి ప్రస్తావన ఉంది. వారిని ప్యాకింగ్ యంత్రం దగ్గర పెట్టారు. అనుభవజ్ఞులు మాంసం కోసే బల్ల అక్కడి నుంచి కనబడదు. పని దొరికింది, విద్య దొరకలేదు. అదే పుస్తకంలో లైబీరియాలోని వై తెగ దర్జీలు దీనికి భిన్నంగా కనిపిస్తారు. అక్కడ కుర్రవాడు ముందు గుండీలు కుడతాడు, అంచులు మడుస్తాడు. తర్వాత కుట్టు నేర్చుకుంటాడు. బట్ట కత్తిరించడం చివరిది. బట్టల తయారీలో మొదట వచ్చేది నేర్చుకోవడంలో ఆఖరున వస్తుంది. గుండీ వంకరపోతే విప్పి కుట్టవచ్చు, గుడ్డ తప్పుగా కోస్తే పోయినట్టే. ఆ దర్జీలు తమకు తెలియకుండానే ఉకెమి నేర్పుతున్నారు.

యుద్ధవిద్యల చరిత్రలో చీకటి కూడా ఉంది, దాన్ని దాటవేస్తే నా వాదానికి నిజాయితీ ఉండదు. జపాన్ పాఠశాలల్లో జూడో నేర్చుకుంటూ 1983 నుంచి 2011 మధ్య వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. నగోయా విశ్వవిద్యాలయానికి చెందిన ఉచిదా రియో ఈ లెక్క బయటపెట్టేదాకా దేశం పట్టించుకోలేదు. చాలావరకు తలకు దెబ్బలు, మృతుల్లో ఎక్కువమంది కొత్తగా చేరినవారు. అక్కడ జరిగింది ఇది: సరిగ్గా పడటం రాని పిల్లలను పదేపదే పడగొట్టడం, అలసిపోయాక కూడా ఆపకపోవడం, దాన్ని ఓర్పు నేర్పడం అనుకోవడం. అదే సమయంలో ఎంతోమంది జూడో సాధన చేసే ఫ్రాన్సులో అలాంటి మరణాలు దాదాపు లేవు. అక్కడ జూడో నేర్పడానికి ప్రభుత్వ యోగ్యతాపత్రం ఉండాలని 1955లోనే చట్టం వచ్చింది. విద్య ఒకటే. ఒకచోట నేర్పేవాడు కూడా నేర్చుకుని రావాలన్నారు. ఇంకోచోట బాగా ఆడినవాడు బాగా నేర్పుతాడని అనుకున్నారు. జపాన్‌లో విషయం బయటపడి జాగ్రత్తలు తీసుకున్నాక మరణాలు బాగా తగ్గాయి. సాఫ్ట్‌వేర్‌లో ఎవరికీ తల పగలదు. కానీ మొదటి ఏడాదిలోనే ఇది నా వల్ల కాదు అనుకుని వెనక్కి పోయిన పిల్లలు మనందరికీ తెలుసు. బాగా కోడ్ రాసేవాడిని ఒక్కరోజు శిక్షణ లేకుండా టీమ్ లీడ్ చేస్తున్నాం. ఆ నిర్ణయానికి మూల్యం ఆ పిల్లలు చెల్లిస్తున్నారు.

వారిలో తెలుగు మాధ్యమంలో చదివి వచ్చినవారి పరిస్థితి మరింత కష్టం. వారికి సందేహం ఉంటుంది, దాన్ని పదిమంది ఉన్న కాల్‌లో ఇంగ్లీషులో అడగడానికి నోరు రాదు. సీనియర్ తెలుగువాడై ఉండీ తెలుగులో అడగవచ్చు అని ఒక్క మాట చెప్పడు. కనో ప్రశ్నోత్తరాన్ని బోధనలో భాగం చేశాడంటే, ప్రశ్న అడగగల పరిస్థితిని కల్పించే బాధ్యతా గురువుదే అని అర్థం. అమ్మా, నాకూ ఇది వెంటనే అర్థం కాలేదు, కలిసి చూద్దాం అని ఒక లీడ్ అన్నప్పుడు ఆయన హోదా ఏమీ తగ్గదు. అమ్మాయి కీబోర్డు దగ్గర కూర్చుంటుంది, ఆయన పక్కన కూర్చుంటాడు, తెలిసిన జవాబును నాలిక చివర ఆపుకుంటాడు. ఆ ఆపుకోవడం ఎంత కష్టమో చేసినవారికే తెలుస్తుంది.

ఇప్పుడు కొత్త ప్రశ్న ఒకటి ముందుంది. చిన్న బగ్గులు, పరీక్షలు, పాత రిపోర్టుల మార్పులు ఇన్నాళ్లూ కొత్తవారి చేతికి వచ్చిన పనులు. అవే మన గుండీలు, అంచులు. కోడ్ రాసే కృత్రిమ మేధ సాధనాలు వాటిని క్షణాల్లో చేస్తున్నాయి. ఇక ఫ్రెషర్లు ఎందుకు అనే మాట గట్టిగానే వినబడుతోంది. ఆ మాట నన్ను కలవరపెడుతుంది. దోజోలో ఒక సాయంత్రం వేసే పట్లలో ఒక్కటి కూడా బయట ఎవరికీ పనికిరాదు. వాటివల్ల తయారయ్యేది సాధకుడు. చిన్న బగ్గును మనిషి చేత పరిష్కరింపజేయడంలో ఇన్నాళ్లూ రెండు ఫలితాలు కలిసి వచ్చేవి: సరైన కోడ్, ఎదిగిన ఇంజినీరు. మొదటిది ఇప్పుడు యంత్రం నుంచి వస్తుంది. రెండోది మనం కోరి, సమయం కేటాయించి, ఖర్చు పెట్టి సాధించుకోవాలి. యంత్రం రాసినదాన్ని తప్పో ఒప్పో తేల్చే మనిషి పదేళ్ల తర్వాత కూడా కావాలి కదా. ఆ మనిషి ఇవాళ ఎక్కడో పడి లేవాలి.

చివరగా ఒక ప్రతిపాదన. మాస్టారి శిష్యులు ఇంతమంది ఇన్ని సంస్థల్లో ఉన్నారు. మీలో ప్రతి ఒక్కరూ వచ్చే ఏడాది ఒక కొత్తవారిని జతగా తీసుకోండి, మీ బృందంలోంచి అయినా, మీరు చదివిన కళాశాల నుంచి అయినా. వారం వారం కీబోర్డు వారిదే. ఆన్‌కాల్ వంతు వచ్చినప్పుడు ముందు వరుసలో వారు, రెండో వరుసలో మీరు. రివ్యూలో మీ కోడ్ ముందు వారు చదవాలి, తప్పులు పట్టాలి. మీ మేనేజర్లతో మాట్లాడి, దీన్ని మీ అప్రైజల్‌లో ఒక పనిగా రాయించుకోండి. అలా రాయించుకోలేకపోతే, దాన్ని అప్రైజల్‌లో చేర్చగల హోదాలో ఉన్నవారు ఈ సభలోనే ముందు వరుసలో కూర్చున్నారు. వారిని ఇక్కడే అడుగుతున్నాను.

కనో పెట్టిన నాలుగు మార్గాల్లో ఉపన్యాసం వంతు అయింది, ప్రశ్నోత్తరం వంతు మిగిలింది. ప్రశ్నలు తెలుగులో అడగండి. ఈ ఏడాది ఉద్యోగంలో చేరినవారు ముందుగా.